ఆయన పింఛను, నా చాకిరీ

ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం నుంచి మనిషి వస్తాడు. మంచం పక్కన కుర్చీ వేస్తాను. నా సహచరుడు తనంతట తాను లేచి కూర్చోలేడు కాబట్టి వెనకనుంచి లేపి పట్టుకుంటాను. ఆయన మెషిన్ మీద వేలు పెడతాడు. వచ్చినతను పదిహేను వేలు లెక్కపెట్టి ఆయన చేతికిచ్చి, ఫోటో తీసుకుని వెళ్తాడు. ఫోటోలో నా చేతులు కూడా పడతాయి. కాగితాల్లో మాత్రం నేను ఎక్కడా లేను.

2014లో ఆయన కరెంటు స్తంభం మీదనుంచి పడ్డాడు. కాంట్రాక్టు పని. నడుము కింద భాగం చచ్చుబడింది. అప్పటికి నేను ప్రైవేటు బడిలో టీచర్ని. ఆ నెలలోనే మానేశాను. ఉద్యోగం మానతావా అని నన్నెవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నన్ను నేను కూడా అడగలేదు. అదే ప్రమాదం నాకు జరిగుంటే ఆయన్ని పని మానమని ఎవరైనా అనేవారా? మా అమ్మను పిలిపించేవారు.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రిళ్ళు కూడా. ఒక్క రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతే వీపు మీద పుండు మొదలవుతుంది, అది మానడానికి మూడు నెలలు. యూరిన్ బ్యాగు, దొడ్డికి, స్నానం, కట్లు, ఆ పైన అందరి ఇళ్ళలో ఉండే వంటా గిన్నెలూ. దీన్ని మనవాళ్ళు సేవ అంటారు, పతిభక్తి అంటారు. ఆస్పత్రిలో ఇదే పని చేసే మనిషికి మాత్రం జీతం ఉంటుంది.

2021లో పాత బడివాళ్ళే మళ్ళీ రమ్మన్నారు. నెలకు పదకొండు వేలు. ఎంత సంబరపడ్డానో! ఆఫీసులో కనుక్కుంటే ఒక ఉద్యోగి చల్లగా చెప్పాడు: "అమ్మా, పల్లెటూళ్ళో ఇంటి ఆదాయం నెలకు పదివేలు దాటకూడదు. మీరు చేరితే సారు పింఛను పోద్ది." అప్పట్లో మంచాన పడ్డవాళ్ళకు ఐదు వేలిచ్చేవారు. నేను బడిలో ఉన్నంతసేపూ ఆయన్ని చూసుకునే మనిషికి కనీసం ఆరు వేలివ్వాలి. పదకొండులో ఐదు పోతే ఆరు, ఆరులో ఆరు పోతే సున్నా. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన తీసివేతే. బడికి వెళ్ళలేదు.

నా అభ్యంతరమంతా ఈ లెక్క మీదనే. 2019 డిసెంబరులో తెచ్చిన ఆ నిబంధనల్లో ఇంటి ఆదాయానికి పరిమితి పెట్టారు, పల్లెల్లో పదివేలు, పట్నాల్లో పన్నెండు వేలు. అంటే భార్య సంపాదన భర్తదేనని రాజ్యం నమ్ముతోంది. సరే, ఇద్దరిదీ ఒకటే మూట అనుకుందాం. మరి ఆ మూటలో నా పన్నెండేళ్ళ శ్రమ ఏ పద్దు కింద రాశారు? కోత వెయ్యాల్సి వచ్చినప్పుడు ఇద్దరం ఒకటి. ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆయన ఒక్కడు.

మా వీధిలో ఒక పెద్దామె ఉంది. భర్తకు అరవై శాతం వైకల్యం. ఆమెకు అరవై రెండేళ్ళు, వయసు పింఛనుకు అర్హురాలే. దరఖాస్తు తిప్పి పంపారు. తీవ్ర వైకల్యం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఇంటికి ఒకే పింఛను అన్న నియమం ఉంది కదా. "నేను ముసలిదాన్ని కావాలన్నా ఆయన అనుమతి కావాలా వదినా?" అని అడిగింది నన్ను. నేనేం చెప్పగలను!

2024 జులైలో పూర్తిగా మంచానికి పరిమితమైనవాళ్ళకు ఐదు వేలను పదిహేను వేలు చేశారు. మంచి పని, కాదనను. మా ఇంట్లో మందులకు అప్పు చెయ్యడం ఆగింది. కానీ ఒక సంగతి దాచకుండా రాస్తాను. కిందటేడు మా మరిది వచ్చి అడిగితే నా సహచరుడు అందులోంచి మూడు వేలు తీసి ఇచ్చేశాడు, నాతో ఒక్క మాట అనకుండా. నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రంతా మాట్లాడలేదు, గంటలు చూసుకుని పక్కకు తిప్పడం మాత్రం తిప్పాను. తెల్లారాక ఆలోచిస్తే సిగ్గేసింది. ఆ డబ్బు ఆయన హక్కు. మంచం మీదున్నంత మాత్రాన తమ్ముడికి ఇచ్చుకునే స్వేచ్ఛ లేకుండా పోతుందా? తప్పు ఆయనదీ కాదు, నాదీ కాదు. ఇద్దరికి రావలసినది ఒక్కరి చేతిలో పెట్టి, మీలో మీరు సర్దుకోండి అన్న పద్ధతిది. రేపు ఆయనకేమన్నా అయితే ఆ పదిహేను వేలూ ఆగిపోతాయి. నాకు మిగిలేది నాలుగు వేల వితంతు పింఛను. నేనన్నదాన్ని రాజ్యం కంటికి కనబడాలంటే ఆయన పోవాలన్నమాట.

చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకులంటే ఎవరో రెండో సెక్షన్‌లోనే రాశారు. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, కుటుంబ సభ్యులైనా సరే సంరక్షకులే. 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకం ఉండాలని రాశారు. అయితే అదే సెక్షన్ మొదట్లో 'ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి' అన్న మెలిక పెట్టారు. కేంద్రం స్తోమత సంగతి చెప్పనా? ఎనభై శాతం పైబడిన వైకల్యం ఉన్న పేదలకు ఢిల్లీ నుంచి వచ్చే వాటా 2012 నుంచీ నెలకు మూడు వందలు! సంరక్షకుల భత్యం గురించి నేను అడిగిన ఆఫీసులో, "ఆయనకు వస్తోంది కదమ్మా, మళ్ళీ మీకెందుకు?" అన్నారు. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచాన పడ్డవాళ్ళను చూసుకునేవారికి నెలకు ఆరు వందలు నిర్ణయించారు. ఆరు వందలు ఏ మూలకు? కానీ ఆ మనిషిని వేరే మనిషిగా గుర్తించారు.

ఈ జబ్బు మన దగ్గరే ఉందనుకోకండి. బ్రిటన్‌లో 1976లో సంరక్షకులకు భత్యం మొదలుపెట్టారు. పెళ్ళయి భర్తతో కలిసి ఉంటున్న స్త్రీకి మాత్రం లేదు. ఆమె ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా అన్నది వాదన. తల్లిని చూసుకోవడం కోసం ఉద్యోగం మానిన జాక్వెలిన్ డ్రేక్ అనే వివాహిత దీనిమీద యూరప్ న్యాయస్థానం దాకా వెళ్ళి 1986 జూన్‌లో గెలిచింది. తీర్పుకు ముందురోజే ప్రభుత్వం దిగివచ్చి నియమం మారుస్తామంది. పదేళ్ళపాటు 'ఎలాగూ ఇంట్లో ఉంటుంది' అన్న ఒక్క మాట మీద బండి నడిపారు!

గెలిచాకైనా తిప్పలు తీరలేదు. వారానికి 35 గంటలు చూసుకునేవారికి 2025-26లో ఇచ్చింది 83 పౌండ్ల 30 పెన్నీలు, గంటకు రెండున్నర పౌండ్లు కూడా కాదు. పేద దంపతులైతే ఇంటికొచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే సాయంలోంచి అంతకంతా కోసేసి, సంరక్షణ పద్దు కింద కొంత కలుపుతారు. సంపాదన పరిమితి ఒక్క పౌండు దాటినా ఆ వారం భత్యం మొత్తం పోయే పద్ధతివల్ల వేలమంది సంరక్షకులు ప్రభుత్వానికే బాకీపడ్డ సంగతి 2024లో రచ్చకెక్కింది. ఒక మంచి మాత్రం ఉంది. భార్యాభర్తలిద్దరూ వికలాంగులై ఒకరినొకరు చూసుకుంటుంటే, తగిన వైకల్య సాయం ఇద్దరికీ వస్తున్నప్పుడు, ఇద్దరూ సంరక్షకులుగా అడగొచ్చు. మన ఆఫీసుల్లో ఈ మాటంటే నవ్వుతారు.

వికలాంగుల సంఘంలో ఒక చెల్లెలు నాతో గట్టిగా వాదించింది. "అక్కా, భత్యం భార్యల చేతికిస్తే మేం మళ్ళీ ఇంట్లోవాళ్ళ దయ మీద బతకాలి. మమ్మల్ని ఎవరు చూసుకోవాలో మేమే ఎంచుకోవాలి, డబ్బు మా చేతికే రావాలి" అంది. ఆమెకు పోలియో. పెళ్ళయిన రెండేళ్ళకు భర్త వదిలేశాడు. ఆమెను చూసేది తల్లి. నా కథను తిరగేస్తే ఆమె కథ. అక్కడ సంరక్షకుడైన భర్తే లేడు. 2024 కాల వినియోగ సర్వే చూడండి. 15-59 ఏళ్ళ వయసులో ఇంట్లోవాళ్ళ సంరక్షణ చేసే ఆడవాళ్ళు నూటికి 41 మంది, మగవాళ్ళు 21 మంది. ఇందులో పిల్లల్ని ఎత్తుకోవడం కూడా కలిసే ఉంది, మగవాళ్ళ లెక్క అందుకే ఆ మాత్రమైనా తేలింది.

ఆ చెల్లెలు చెప్పిందాంట్లో సగం ఒప్పుకున్నాను. ఎవరు చూసుకోవాలో నిర్ణయించే హక్కు వికలాంగులదే. ఆ ఎంచుకున్న మనిషికి, భార్య కానీ తల్లి కానీ బయటి మనిషి కానీ, భత్యం ఆమె ఖాతాలోనే పడాలి. ఆయన పింఛనులో ఒక్క రూపాయి తగ్గకూడదు. ఆమె బయట సంపాదించిందని ఆయనది కోయకూడదు. ఆయన పోయిన మర్నాడే ఆమెది ఆగకూడదు, కనీసం ఏడాదైనా కొనసాగాలి. ఈ ఏడాది విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు.

ఇద్దరం కలిసి దరఖాస్తు రాశాం. అదే చట్టం 38వ సెక్షన్ కింద, ఎక్కువ ఆసరా కావాలని వికలాంగులు గానీ వారి తరఫున వేరేవారు గానీ అడగొచ్చు. దరఖాస్తును మదింపు బోర్డుకు పంపి తీరాలి, లేదనడానికి ఆఫీసు గుమాస్తాకు అధికారం లేదు. ఆయన సంతకం చేశాడు, కింద సంరక్షకురాలిగా నేను చేశాను. మీ మండలాల్లో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు పింఛను ఎంతొస్తోందని అడగడంతో ఊరుకోకండి. వాళ్ళను చూసుకోవడం కోసం ఎవరు ఏ పని మానేశారో, ఏ ఏడాది మానేశారో, అప్పుడు ఎంత వచ్చేదో రాసుకోండి. దరఖాస్తు నకలు కావలసినవాళ్ళు పత్రికకు రాస్తే పంపిస్తాం.