వేగమునకు తగిన తావు

మైదుకూరు నాలుగు దిక్కుల దారులు కూడు చోటు. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా వచ్చి కడపకు పోవు 40వ జాతీయ రహదారియు, నెల్లూరి సీమనుండి బద్వేలు మీదుగా వచ్చి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల వైపు సాగు 67వ జాతీయ రహదారియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. ఒకనాడు ఎద్దుబండ్లు రేయెల్ల నడచిన దూరమును నేడు మోటారు బండి గంటలో గడచుచున్నది. ఇది మేలే. కాని బాట నునుపైన కొలది దానిమీద పందెములాడు బుద్ధియు పెరుగుచున్నది. పసుపు బస్తాల బండ్లును, సిమెంటు లారీలును, బడినుండి మరలు పిల్లలును పోవు బాటమీదనే ఇరువదేండ్ల ప్రాయపు యువకులు ద్విచక్ర వాహనముల నెక్కి ఒకరినొకరు మించ జూచుట ఏ పట్టణమున కేగినను కాననగుచున్నది. పెద్దలు విసుగుకొందురు, పోలీసువారు జరిమానా విధింతురు, మరునాడు మరల అదియే వేడుక.

ఈ వేడుక వెల ఎంతయో లెక్కలు చెప్పుచున్నవి. కేంద్ర రవాణాశాఖవారు ప్రకటించిన వివరముల ప్రకారము 2022 సంవత్సరమున దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. ఈ మరణములలో నూటికి 71 వంతులు మితిమీరిన వేగముతో ముడివడినవి. మృతులలో సుమారు మూడింట రెండు వంతులు 18 మొదలు 45 ఏండ్ల లోపువారు. అనగా ఇంటికి ఆధారమైనవారు, కాదగినవారు. రాష్ట్రప్రభుత్వపు లిఖితానుమతి లేక బహిరంగ స్థలమున మోటారు పందెములాడుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 189వ సెక్షను నిషేధించుచున్నది. 2019 నాటి సవరణవలన తొలి తప్పునకే మూడు మాసముల వరకు ఖైదైనను, ఐదు వేల రూపాయల వరకు జరిమానాయైనను విధింపవచ్చును. చట్టము ఉండవలసినదే, అమలు జరుగవలసినదే. కాని “ఇచ్చట కూడదు” అని చెప్పుటతో చట్టము పని ముగియుచున్నది. “మరి ఎచ్చట కూడును?” అను ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది సమాజము. ఈ రెండవ ప్రశ్ననే నేడు విచారింపదలచితిమి.

తెలుగువారి పాలకులు ఈ ప్రశ్నకు ఒకమారు సమాధానము చెప్పజూచిరి. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరపు ఒడ్డున నగరవీథులనే పందెపు బాటగా మార్చి, విద్యుత్తుతో నడచు ఫార్ములా-ఇ కార్ల ప్రపంచ పోటీని జరిపిరి. 2013లో ఢిల్లీ చెంతనున్న బుద్ధ పథమున ఆగిపోయిన భారత గ్రాంప్రీ తరువాత మన దేశమున జరిగిన తొలి ప్రపంచస్థాయి కారు పందెమది. ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. జనము వేలుగా చూచి సంతోషించిరి. ఒక భారతీయ సంస్థ జట్టు అందు పాల్గొనినను, చోదకులలో భారతీయు డొక్కడును లేడు. 2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము ప్రభుత్వము మారిన పిమ్మట రద్దయినది. తొలుత చెల్లించిన సొమ్మును గూర్చిన వివాదము న్యాయస్థానముల కెక్కినది. ఆ వివాదపు న్యాయాన్యాయములు న్యాయస్థానములే తేల్చును. మనకు కావలసిన పాఠము వేరు. రెండు దినముల వేడుకకై వేసిన గోడలు తీసివేసిన పిమ్మట, వాహనము నడుప నేర్వగోరు బీద యువకునకు మిగిలిన దేమి?

దీనికి ప్రక్కగా మరియొక ఉదాహరణము నుంచి చూతము. అదియు తెలుగువారిదే. కోయంబత్తూరు నగరమున తరతరములుగా ఇంట తెలుగు మాటలాడు నాయుడు కుటుంబములు నూలుమిల్లులను, ఇంజను కార్ఖానాలను నెలకొల్పి పేరుగాంచిన సంగతి పాఠకులకు క్రొత్త కాదు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు స్థాపించిన లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందినవాడు ఎస్. కరివర్ధన్. ఈయన స్వయముగా పందెములలో కార్లు నడపిన సంపన్నుడు. తా నొక్కడే విదేశపు కారులో గెలిచి తృప్తిపడియుండవచ్చును. అట్లుగాక, 1980ల చివర, వీథివీథిని కనిపించు మారుతి 800 కారులోని 796 సీసీల చిన్న ఇంజనును గైకొని, దానిచుట్టు ఇనుప గొట్టముల చట్రము కట్టించి, ఒక్కడు మాత్రమే కూర్చుండదగిన “ఫార్ములా మారుతి” అను పందెపు కారును తయారు చేయించెను. దాని విడిభాగములు ఏ పట్టణమునందైనను దొరకును. దానిని ఏ మేస్త్రీయైనను బాగుచేయును. 2005లో ఫార్ములా వన్ పోటీలయందు ప్రవేశించిన తొలి భారతీయుడు, కోయంబత్తూరువాసి నారాయణ్ కార్తికేయన్, తొలి పందెము నడపినది ఇట్టి మారుతి కారుతోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదమున అకాలమరణము నొందెను. ఆయన పేర 2003లో కోయంబత్తూరు చెంత చెట్టిపాళెమున వెలసిన రెండు కిలోమీటర్ల పైచిలుకు పందెపు బాట నేటికిని పనిచేయుచున్నది. పిదప ఆ నగరపు ఎల్.జి.బి. సంస్థ పేర స్విఫ్టు ఇంజనుతో వచ్చిన చిన్న ఫార్ములా కార్లును ఈ మార్గముననే నడచినవి.

ఈ చిన్న కార్ల పందెము నెన్నడును చూడనివారికి దాని తీరు కొంత చెప్పవలసియున్నది. పందెము సాధారణముగా వారాంతమున జరుగును. తొలుత పరిశీలకులు ప్రతి కారును, ప్రతి చోదకుని హెల్మెటును, నిప్పంటని దుస్తులను పరీక్షింతురు. లోపమున్న కారు బాట నెక్కరాదు. శుక్రవారము అభ్యాసము. పిమ్మట ఒక్కొక్కడు చుట్టును ఎంత తక్కువ కాలమున తిరిగెనో కొలిచి బారులో స్థానములు నిర్ణయింతురు. శని ఆదివారములలో అరగంటకు మించని పందెములు. కార్లన్నిటికిని ఇంజను ఒక్కటే, టైర్లు ఒక్కటే. కావున సొమ్ముకంటె చేతి నేర్పునకు విలువ యెక్కువ. చక్రములపై కప్పు లేదు. చక్రము చక్రమునకు తగిలిన వెనుకటి కారు ముందుటి చక్రముపై కెక్కి గాలిలోనికి లేచును. అందుచే ప్రక్కవానికి చోటు విడువనివాడు తొలుత తన ప్రాణమునకే మోసము తెచ్చుకొనును. పసుపు జెండా చూపిన దాటరాదు. నీలి జెండా చూపిన వెనుకనుండి వేగముగా వచ్చువానికి దారి యియ్యవలెను. ఎఱ్ఱ జెండా చూపిన పందెము నిలుపవలెను. జెండా నతిక్రమించినవానికి శిక్ష అప్పటికప్పుడే. రహదారిమీద మన యువకులకు ఏ విద్య లేదని చింతించుచున్నామో ఆ విద్య యంతయు ఇందే యున్నది.

ఇది మన సీమకు పరాయి వస్తువని తలపరాదు. కడప జిల్లా తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూడని రైతు లేడు. పాలపళ్ల కోడెలకు, రెండు పళ్లవానికి, నాలుగు పళ్లవానికి, ఆరు పళ్లవానికి వేరువేరు తరగతు లేర్పరతురు. ఒక్కొక్క తరగతిలో అన్ని జతలకును ఒకే బండ, ఒకే కాలము. ఎక్కువ దూరము లాగిన జతకు బహుమానము. రైతు ఏడాది పొడుగున ఉలవలు పెట్టి మేపిన ఖర్చుకు ఆ బహుమానము సరిపోదు. అయినను ఊరి పేరు, ఇంటి పేరు నిలుపుటకై అతడు జతను తోలుకొని పోవును. ఔత్సాహికుల కారు పందెమునకు మూలసూత్రము ఇదియే: తరగతి సమానము, బరువు సమానము, పెట్టుబడి స్వంతము, ఫలము కీర్తి. మన పితామహులు ఎద్దుల బలమును పొలముగట్ల మీద కయ్యములకు విడువక, కొలిచిన బరిలోనికి తెచ్చి, నియమము లేర్పరచి, పదిమంది యెదుట పరీక్షించిరి. యంత్రబలము విషయమున మనము ఆపాటి వివేకము చూపలేమా?

ఆక్షేపణలు లేకపోలేదు. ఇది ధనికుల వినోదమని కొందరందురు. అందు సత్యము కలదు. ఎంత చిన్న ఫార్ములా కారైనను టైర్లు, ఇంధనము, ప్రయాణము, ప్రవేశ రుసుము కలిసి సామాన్య గృహస్థుని శక్తికి మించును. మైదుకూరినుండి మద్రాసు చెంతనున్న శ్రీపెరంబుదూరు పందెపు బాటకు పోవలెనన్నను సుమారు మూడువందల కిలోమీటర్లు. ఇది అపాయకరమని మరికొంద రందురు. ఇదియు నిజమే. 2023లో ఆ శ్రీపెరంబుదూరు బాటమీదనే జనవరిలో 59 ఏండ్ల అనుభవశాలియగు కారు చోదకుడును, ఆగస్టులో మోటారు సైకిలు పందెమున 13 ఏండ్ల బాలుడును మరణించిరి. వైద్యులు, అంబులెన్సులు, నియమములు ఉన్నచోటనే ఇట్లు జరిగినయెడల, ఏదియు లేని రహదారిమీద పందెమాడువాని గతి యేమో ఆలోచింపవలెను. అపాయము లేని వేగము లేదు. అపాయమును ఎరిగి, కొలిచి, కావలిపెట్టి ఆడుటకును, ఎరుగక ఇతరుల ప్రాణములతో ఆడుటకును భేదము కలదు. పసిబాలురను మాత్రము పెద్ద యంత్రముల నెక్కనీయరాదని మా దృఢాభిప్రాయము.

కావున చేయవలసిన దేమి? కోట్లు వెచ్చించి మైదుకూరి మెట్టపొలములలో ప్రపంచస్థాయి పథమును కట్టుమని మేము కోరుట లేదు. మద్రాసు పందెములు తొలుత జరిగినది రెండవ ప్రపంచయుద్ధకాలపు షోలవరము విమానపు బాటమీద. 1990లో స్వంత పథము వెలయువరకు క్రీడాభిమానులు దశాబ్దముల తరబడి అట్టి చోటనే సర్దుకొనిరి. మన ప్రాంతమునను తొలిమెట్టు అట్టిదే కావలెను. ఊరికి దూరముగా, సాగుకు పనికిరాని, కంచె వేసిన మైదానము చాలును. అందు గురుతులు పాతి, ఒక్కసారి ఒక్క బండినే విడిచి, కాలమును కొలుచు పరీక్షలు జరుపవచ్చును. ఇందు ఒకని చక్రము మరియొకనికి తగులు భయము లేదు. భారత మోటారు క్రీడాసంఘముల సమాఖ్య నియమములను, అనుమతులను తప్పక పాటింపవలెను.

రెండవది విద్యాలయముల పని. పులివెందులలో 2006లో వెలసిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాలయు, ఇడుపులపాయలోని రాజీవ్‌గాంధీ సాంకేతిక విద్యాలయమును, ప్రొద్దుటూరిలోని యోగివేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలయు మన ముంగిటనే యున్నవి. విద్యార్థులు తామే రూపకల్పన చేసి, తామే నిర్మించిన చిన్న ఫార్ములా కార్లతో పోటీపడు “ఫార్ములా భారత్” కోయంబత్తూరులోని కరివర్ధన్ బాటమీద జరుగుచున్నది. అందు వేగమునకే గాక రూపకల్పనకును, ఖర్చు లెక్కకును గణన మిత్తురు. 22 కిలోమీటర్ల ఓర్పు పరుగులో కారు తుదివరకు నిలువవలెను. బండలాగుడునకు వెండి కడియములు, బంగారు పతకములు బహూకరించు భూస్వాములును, ప్రొద్దుటూరి వర్తకులును, మన పిల్లలు కట్టిన ఒక్క కారునకు ఇంజనును, టైర్లను కొనియిచ్చిన, ఆ సొమ్ము ఏటికేడు విద్యగా మారును. ప్రభుత్వమువారు స్థలమును, అంబులెన్సును, అనుమతిని సకాలమున సమకూర్చిన చాలును. వేడుకల నిర్వహణము వారి కవసరము లేదు.

వేగము నేటి కాలపు ధర్మము. దానిని తిట్టి ఆపినవారు లేరు. హైదరాబాదు ఒక దినమునకై వీథులను అలంకరించినది. కోయంబత్తూరు ఒక చిన్న ఇంజనును నమ్మి నిలువదగిన విద్యను సంపాదించినది. ఈ రెండు మార్గములలో ఏది తమ బిడ్డలకు మేలో మన సీమ పెద్దలే నిర్ణయింపవలెను. ఆ నిర్ణయము ఆలస్యమైన కొలది నష్టము రహదారిమీద లెక్కింపబడుచునే యుండును.