అయిదు వోల్టుల అతిథి

మొన్న ఆదివారం పొద్దున్నే పక్కింటి కుర్రవాడు మొహం చిన్నబుచ్చుకుని వచ్చాడు. చేతిలో అగ్గిపెట్టెపాటి బోర్డు.

"బాబాయిగారూ, ఇది చచ్చిపోయిందండీ."

"ఏం చేశావురా?"

మేడమీది తొట్టిలో నీరెంత ఉందో క్రిందనుంచే తెలుసుకోవాలని వాడి పథకం. తొట్టి మూతకు హెచ్.సి.–ఎస్.ఆర్.04 అనే పరికరం బిగించాడు. అది మన చెవికి వినబడని ధ్వని పంపి, నీటికి తగిలి తిరిగి రావడానికెంత సేపు పట్టిందో ఇ.ఎస్.పి.32 అనే మైక్రోకంట్రోలరు బోర్డుకు చెబుతుంది. నాలుగు రోజులు భేషుగ్గా నడిచింది. అయిదోనాడు ఉలకదు, పలకదు! వాళ్ళ నాన్నగారు, "డబ్బు దండగ. ఇక ఆ తీగలు ముట్టుకోకు" అన్నారట. వాడి దిగులు బోర్డుకోసం కాదు, ఆ మాటకోసం.

తప్పు వాడి చేతులది కాదు, లెక్కది. ఆ పరికరం కబురు చెప్పేది 5 వోల్టులతో. 1960 దశకంలో వచ్చిన 7400 వరుస చిప్పులనాటి ఆచారమది. తరువాత చిప్పులలో ట్రాన్సిస్టర్లు సన్నబడ్డాయి. లోపలి పొరలు పలచబడ్డాయి. ఈ బోర్డు కాళ్ళు 3.3 వోల్టులకు అలవాటుపడ్డవి. సోలగిన్నెలో తవ్వెడు పాలు పోయవచ్చునా? నాలుగు రోజులు పనిచేయడమే అసలు మోసం. సరిపోయిందనుకుంటాం!

విరుగుడు రెండే రెసిస్టర్లు. పరికరపు 'ఎకో' కాలికి 1,000 ఓములది, దాని రెండో కొసనుంచి గ్రౌండుకు 2,000 ఓములది. రెండూ కలిసిన చోటునుంచి బోర్డుకు తీగ. 5లో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 3.3 వోల్టులే బోర్డుకు చేరతాయి. గ్రౌండు మాత్రం ఇద్దరికీ ఒక్కటే ఉండాలి సుమా!

ఎదురు దిక్కున మరో చిక్కు. 5 వోల్టులతో నడిచే 74హెచ్.సి. రకం చిప్పుకు కబురు అందాలంటే కనీసం 3.5 వోల్టులు కావాలి. మన 3.3 చాలదు. 74హెచ్.సి.టి. రకానికి 2 చాలు, అదే మధ్యవర్తి. ఒకే తీగపై ఇరువైపులా మాట సాగే చోట రెసిస్టర్ల జత పనికిరాదు, మాస్‌ఫెట్ ఉన్న లెవెల్ షిఫ్టరు పెట్టాలి.

తీరా చూస్తే బోర్డంతా పోలేదు, ఒక్క కాలే. రెసిస్టర్లు పెట్టి, తీగ మరో కాలికి మార్చాం.

సాయంత్రం వాళ్ళ నాన్నగారు గోడమీదుగా తొంగిచూసి, "తొట్టి సగముందిటండీ!" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.