చెప్తే తిడతారని...

మా ఆపావాళ్లది జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం. పరీక్ష ఫీజులు, పాస్‌పోర్టు ఫారాలు, హజ్ దరఖాస్తులు... మొహల్లా అంతా అక్కడికే వస్తుంది. అందరి ఆధార్‌లు, పాస్‌బుక్కులు ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి. పోయినేడు ఆ దుకాణం మెయిల్ నుంచి కొందరికి మెసేజీ వెళ్లింది. ఫీజు బాకీ ఉంది, ఈ ఖాతాకు పంపండి అని. ఒక పెద్దాయన నమ్మి 18 వేలు పంపారు. తర్వాత దుకాణానికొచ్చి రసీదు అడిగారు. అప్పటిదాకా ఆపావాళ్లకు ఖబరే లేదు.

ఆ రాత్రి మా భాంజాను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగాను. వాడు తలొంచుకుని చెప్పాడు. "వారం నుంచి మౌస్ బాణం దానంతటదే కదుల్తోంది మామూ. యాంటీవైరస్ నేను ఆన్ చేస్తుంటే మళ్లీ ఆఫ్ అయిపోతోంది. ఫొటోల సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరికిందని నేనే ఎక్కించాను. అబ్బాకు చెప్తే కొడతారని చెప్పలేదు."

చోర్ చేసిన పని కన్నా వాడి చివరి మాటే నన్ను ఎక్కువ కుదిపింది. దొంగ ఇంట్లోకి దూరిన సంగతి ఇంట్లో ఒకరికి వారం ముందే తెలుసు. ఆ నోరు నొక్కింది దొంగ కాదు, మనమే.

చిన్న నిషానీని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఢాకాలో జరిగింది చూడండి. 2016 ఫిబ్రవరి 5, జుమా. బంగ్లాదేశ్‌కు అది సెలవు రోజు. ఆ దేశపు కేంద్ర బ్యాంకులో, విదేశీ లావాదేవీల కాగితాలు అచ్చువేసే ప్రింటర్ మొరాయించింది. ప్రింటర్లు మొరాయించడం మామూలేగా అనుకున్నారు. నిజానికి అంతకు ముందు రాత్రే హ్యాకర్లు ఆ బ్యాంకు పేరు మీద న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌కు 35 ఆదేశాలు పంపారు. అడిగింది 95 కోట్ల డాలర్లకు పైనే. జాడ బయటపడకుండా ప్రింటర్‌ను పడుకోబెట్టింది కూడా వాళ్లే. చాలా ఆదేశాలు అక్కడ ఆగిపోయాయి. శ్రీలంక వైపు వెళ్లిన 2 కోట్ల డాలర్లు, గ్రహీత పేరులో స్పెల్లింగ్ గల్తీ ఉండటంతో దొరికాయి. 8.1 కోట్ల డాలర్లు మాత్రం మనీలా చేరి, అక్కడి కేసినోల దారి పట్టాయి. అసలు దొంగలు లోపలికొచ్చిన దర్వాజా ఏమిటి? ఉద్యోగం కోసం అన్నట్టు వచ్చిన మామూలు మెయిళ్లు. ఏడాది పాటు లోపలే సబర్‌గా కూర్చున్నారు.

ఇంకో కిస్సా దీనికి ఉల్టా. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్‌క్లీ ల్యాబ్‌లో కంప్యూటర్ వాడకం హిసాబ్‌లో 75 సెంట్ల తేడా వచ్చింది. అక్కడ పనిచేసే క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాన్ని వదల్లేదు. అధికారులు పెద్దగా పట్టించుకోకున్నా నెలల తరబడి వెంటపడ్డాడు. జాడ జర్మనీలోని హానోవర్ దాకా తేలింది. అక్కడి హ్యాకర్ అమెరికా సైనిక కంప్యూటర్లలోకి దూరి, రహస్యాలు సోవియట్ గూఢచారులకు అమ్ముకుంటున్నాడు. ముప్పావు డాలర్ కోసం ఇంత గోలా అని ఎవరైనా కసురుకుని ఉంటే?

మన ఇళ్లలో కనబడే నిషానీలూ ఇంత చిన్నవే. మీరు అడగని ఓటీపీ రావడం. మీరు పంపని మెసేజీ చుట్టాలకు చేరడం. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిస్తే ఎరగని కంప్యూటర్ కనబడటం. మీ మెయిళ్లు మీకు తెలీని అడ్రసుకు ఫార్వర్డ్ అవుతుండటం. ఫోన్‌లో సిగ్నల్ హఠాత్తుగా మాయమై గంటలు గడిచినా రాకపోవడం. షాదీ కార్డు పేరుతో వచ్చిన ఫైలు నొక్కాక ఫోన్ వేడెక్కి మందగించడం. వీటిలో ఒకటి ఉన్నంత మాత్రాన దొంగ ఉన్నట్టే అని కాదు. కానీ షక్ వస్తే దాచకూడదు.

షక్ వస్తే ముందు నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయుంటే బ్యాంకుకూ, 1930 నంబరుకూ వెంటనే ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. ఒక్క సంగతి, కోపంలో కంప్యూటర్ మొత్తం తుడిపించేయొద్దు. మా దుల్హాభాయ్ అదే చేయబోతే ఆపాను. సబూత్ అంతా అందులోనే ఉంటుంది.

"భయం లేకపోతే పిల్లలు మాట వింటారా?" అని ఆయన నన్నే అడిగారు. గల్తీ చేసినందుకు మందలించండి, కాదనను. కానీ గల్తీ జరిగిందని వచ్చి చెప్పినందుకు కొట్టకండి. రెండూ ఒకటి చేస్తే పిల్లలు గల్తీ మానరు, చెప్పడం మానేస్తారు. పిల్లలే కాదు, మన అమ్మీలూ అంతే. ఫోన్‌లో ఏదో నొక్కేశానని చెప్తే "నీకెందుకా ఫోన్" అంటామని నోరు మూసుకుంటారు. కొత్తగా చేరిన గుమస్తాలూ అంతే. జనం మన చేతిలో పెట్టిన కాగితాలు అమానత్. దాన్ని కాపాడాలంటే తాళం ఒక్కటే చాలదు, తాళం కదిలిందని భయపడకుండా చెప్పే మనిషి కావాలి.

ఆ పెద్దాయన 18 వేలు దుల్హాభాయ్ తన జేబులోంచి ఇచ్చి, ఇంటికెళ్లి మాఫీ అడిగొచ్చారు. మొన్న ఆపా ఫోన్ చేసింది. ప్రింటర్ ఆగిపోతే భాంజా పరుగున వెళ్లి వాళ్లబ్బాకు చెప్పాడట. ఇద్దరూ కలిసి విప్పి చూస్తే లోపల కాగితం ఇరుక్కుంది, అంతే. దుల్హాభాయ్ తిట్టలేదట. "అచ్ఛా కియా బేటా" అన్నారట.