నాలుగు ఇనుప కడ్డీలు మన ఊరికి ఎప్పుడొస్తాయి?

పోయిన సెప్టెంబరులో తొమ్మిది, పది తరగతుల వాళ్ళం హైదరాబాదు వెళ్ళి జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థను చూసి వచ్చాం. బస్సు ఖర్చు పెట్టుకున్నది ఈ వసతి గృహంలోనే చదువుకొని వెళ్ళిన అన్నలు. కాబట్టి ఏం చూశారు, దానివల్ల ఏం లాభం అని అడిగే హక్కు వాళ్ళకు ఉంది. విహారయాత్ర లాగా ఫొటోలు దిగి వచ్చారని అనుకునే వాళ్ళూ ఉన్నారు. ఫొటోలు దిగిన మాట నిజమే.

ఎన్.జి.ఆర్.ఐ. అని పిలిచే ఆ సంస్థ 1961లో ఏర్పడింది. సెప్టెంబరు 26 సి.ఎస్.ఐ.ఆర్. వ్యవస్థాపక దినం సందర్భంగా విద్యార్థులకు గేట్లు తెరుస్తారు. "తాకరాదు" అనే బోర్డులకు అలవాటు పడిన మాకు, అక్కడ "పట్టుకొని చూడండి" అంటుంటే మొదట చేతులు రాలేదు. భూకంపాలను నమోదు చేసే యంత్రం పక్కన గెంతితే తెర మీద గీత కూడా గెంతింది. ఇక మమ్మల్ని ఆపడం ఎవరి తరం కాలేదు. భూకంపంలో వేగంగా వచ్చే అలలు ముందు, నెమ్మదిగా వచ్చేవి తర్వాత చేరుతాయట. మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టినట్టు, ఆ తేడాను బట్టి అది ఎంత దూరంలో పుట్టిందో చెబుతారు.

రాళ్ళ బల్ల దగ్గర మావాడొకడు "వజ్రాన్ని ఎట్లా గుర్తుపట్టాలి సార్?" అని అడిగాడు. అందరూ నవ్వారు గానీ వాడు నవ్వులాటకు అడగలేదు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వెతికే ఊళ్ళ పిల్లవాడు. వజ్రం నూరు మైళ్ళ లోతున పుట్టి, కింబర్లైటు అనే రాతి గొట్టాల గుండా పైకి వస్తుందనీ, అలాంటివి మన పక్క వజ్రకరూరులో ఉన్నాయనీ విన్నాక, ఇంత దగ్గరి సంగతి తెలుసుకోవడానికి ఇంత దూరం రావలసి వచ్చిందే అనిపించింది.

మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం నాలుగు ఇనుప కడ్డీలు. వాటిని వరుసగా భూమిలో దిగగొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. కడ్డీలను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. నీళ్ళున్న పగుళ్ళ రాయి కరెంటును పోనిస్తుంది, గట్టి బండ అడ్డుకుంటుంది. ఇది కూడా ఒక్కోసారి తప్పుతుందని ఆ సార్ దాచకుండా చెప్పారు. మన దగ్గర అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగి, అది లేచి నిలబడిన చోట బోరు వేయిస్తారు. మా గదిలో ఉన్నవాళ్ళలో నలుగురి ఇళ్ళలో ఎండిపోయిన బోర్లున్నాయి, వాటి అప్పులూ ఉన్నాయి. టెంకాయ తప్పితే తప్పిందని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, మన తలరాత అంటారు.

సముద్రం సంగతి చూసే ఇన్‌కాయిస్ కూడా హైదరాబాదులోనే ఉంది. కానీ నగరానికి ఇంకో కొన, ఒక్కరోజులో రెండూ కుదరలేదు. 2004 సునామీ తర్వాత 2007లో హెచ్చరికల కేంద్రం పెట్టింది అక్కడే. సముద్రం కంట చూడని దేవనకొండ పిల్లలకు దానితో పనేమిటని అడగవచ్చు. ఆర్గో అనే గొట్టాలు సముద్రంలో రెండు వేల మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకొకసారి పైకి తేలి, నీటి వేడినీ ఉప్పదనాన్నీ ఉపగ్రహానికి పంపుతాయి. 2023లో పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్ నినో వచ్చింది. ఆ ఆగస్టు, లెక్కలు రాయడం మొదలైన 1901 నుంచి దేశంలో అన్నిటికన్నా వానలు తక్కువ పడిన ఆగస్టు. వాన తప్పితే అమ్మానాయనలు మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. చంటిపిల్లలను చూసుకోవడానికి మా వాళ్ళలో కొందరు ట్రంకు పెట్టె సర్దుకొని వాళ్ళ వెంట పోతారు. ఎక్కడి సముద్రం, ఎక్కడి పెట్టె!

2024లో మన మండలంలోని కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి ఊళ్ళు రోడ్డెక్కాయి. ఆ భయం తప్పని మేము అనం. కానీ యురేనియం అంటే ఏమిటి, ఆ బోరు ఎందుకు వేస్తారు అని ఇంట్లో అడిగితే హాస్టలు పిల్లలమైన మేము కూడా నోరు మెదపలేకపోయాం. ఆ సిగ్గు ఇంకా ఉంది.

అందుకే అన్నలను ఒకటి అడుగుతున్నాం. వచ్చే సెప్టెంబరుకు రెండు రోజులు పెట్టుకొని ఇన్‌కాయిస్ కూడా చూపించండి. అంతకన్నా ముందు, వేసవిలో బోరు బండ్లు దిగకముందే, ఆ నాలుగు కడ్డీలు, మీటరు ఒక్కరోజు దేవనకొండకు తెప్పించే దారి చూడండి. మీలో ఇంజనీర్లున్నారు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళున్నారు. ఉత్తరం ఎవరికి రాయాలో మీకు తెలుస్తుంది, రాసే పని మేము చేస్తాం. ఆ రోజు మా నాయనలనూ పిలుస్తాం. మా గదిలో ఒకడి నాయన మూడో బోరుకు ఇప్పటికే అడ్వాన్సు మాట్లాడుతున్నాడు.