ప్రయాణికుల ప్రాణాలు ఎవరి అమానతు?

1985 జూన్ 23న ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానం ఐర్లాండ్ తీరానికి చేరువలో ఆకాశంలోనే పేలిపోయింది. అందులోని 329 మందీ మరణించారు. బాంబున్న పెట్టెను వాంకూవర్‌లో అప్పగించిన వ్యక్తి విమానమెక్కనే లేదు. పెట్టె మాత్రం ఎక్కింది. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం చెడిపోగా, కిరాయికి కుదిరిన కాపలాదారులు చేతిపరికరంతో తనిఖీ అయిందనిపించారు. ప్రభుత్వ సంస్థల పొరపాట్ల పరంపరను కెనడా విచారణ సంఘం తేల్చి చెప్పడానికి 2010 దాకా పట్టింది.

మన దేశం మరో దెబ్బ తిన్నాకనే మేల్కొంది. 1999 డిసెంబరులో ఖాట్మండూ నుండి బయలుదేరిన విమానాన్ని హైజాకర్లు కాందహార్‌కు తరలించిన దరిమిలా, 2000 నుండి విమానాశ్రయాల భద్రతను సి.ఐ.ఎస్.ఎఫ్.కు అప్పగించసాగారు. శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపేది ప్రైవేటు సంస్థే అయినా, తనిఖీ ద్వారం వద్ద నిలిచేది ఆ దళమే. ఇది సబబేనని మా అభిప్రాయం. లాభనష్టాలు లెక్కించే చేతికి ప్రాణాల అమానతును వదిలేయరాదు.

అయితే గౌరవం కూడా ఆ అమానతులో భాగమే. హజ్‌కు బయలుదేరిన వృద్ధురాలిని మహిళా సిబ్బంది తెరచాటున తనిఖీ చేయడం ఉపకారం కాదు, విధి. పేరునో గడ్డాన్నో చూసి తనిఖీ హెచ్చరాదు.

మనవారూ విసుక్కోవడం మానాలి. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండానే గల్ఫ్‌కు మోసుకుపోయే అలవాటు మన ఇండ్లలో ఇంకా ఉంది.