నిమ్మనీళ్ల కుండ ఎవరి ఖర్చు?

ఎండాకాలం వచ్చిందంటే మదనపల్లె, అంగళ్లు టమాటా మండీల్లో కూలీలకు నడుం వాల్చే తీరికుండదు. హార్సిలీ కొండ పక్కనే ఉంది, మన సీమలో వడదెబ్బ ఏమిటి అనే పెద్దమనుషులున్నారు. మిట్టమధ్యాహ్నం లారీ మీద నిలబడి క్రేట్లు పేర్చేవాణ్ణి అడగమనండి, చెప్తాడు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. అందులో రెక్కల కష్టం మీద బతికేవాళ్లు ఎందరో.

పని ముగిసే వేళకు కొందరు ఆసాములు కూలీల చేతిలో క్వార్టరు సీసానో బీరో పెడతారు. 'తాగరా, ఒళ్లు చల్లబడుతుంది' అని పైగా ఒక మాట. పచ్చి అబద్ధం. మద్యం మూత్రాన్ని పెంచుతుంది. చెమటగా పోయింది చాలక ఒంట్లో మిగిలిన నీళ్లు కూడా బయటికి పోతాయి. ఆ సీసా ఖరీదు కూలి లెక్కలో ఎక్కడో కోసిందే అని వేరే చెప్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని మాత్రం 1997లో ఎత్తేశారు. సారా ప్యాకెట్టు పోయి సీసా వచ్చింది, అంతే తేడా.

ఒంటికి కావలసింది నీళ్లు, ఉప్పు, కాస్త తీపి. పది లీటర్ల కాచి చల్లార్చిన నీళ్లకు పావుకిలో బెల్లం, చిన్న చెంచాతో తలగొట్టి ఐదు చెంచాల ఉప్పు, పది నిమ్మకాయలు. బెల్లం కరిగించి గుడ్డలో వడగట్టాలి, నిమ్మరసం చివర పిండాలి. మట్టికుండ మేలు. ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్లో పులుపు పోయకూడదు. ఆ పూటది ఆ పూటే తాగెయ్యాలి. చిత్తూరు బెల్లం సంగతి మనకు తెలియంది కాదు. నీళ్లలో నాలుగు రోజులు పులిస్తే అది నాటుసారా ఊట, నిమ్మరసంతో అప్పటికప్పుడు తాగితే పానకం. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు పల్చటి మజ్జిగ. డాక్టరు ఉప్పు తగ్గించమన్న వాళ్లు ఉప్పు మానాలి.

వేసవిలోనే నిమ్మకాయ ధర ఎక్కుతుంది. 2022 ఏప్రిల్‌లో కిలో రెండు వందలు దాటింది. అదే కాయకు ధర పడిపోయిన రోజున గూడూరు రైతుకు కోత కూలి కూడా రాదు, అది ఇంకో కథ. కాయ కొనలేనప్పుడు చింతపండు ఉంది. పుంగనూరు, కుప్పం దారుల్లో చింతచెట్లకు కరువా?

మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతూ పడిపోయినవాడి నోట్లో మాత్రం ఏదీ పోయకండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి.

ఇంతకీ కుండ ఎవరు పెట్టాలి? 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, పిల్లలకు నీడ, విశ్రాంతి వేళ, మందుల పెట్టె ఉండాలని రాసింది. సర్కారు పనికి సబబైనది మండీ పనికి, తోట పనికి ఎందుకు కాదు? కూలి రేటు మాట్లాడే రోజునే కుండ సంగతీ తేల్చుకోవాలి. నీళ్లు, బెల్లం, కాయలు పని పెట్టినవాడి ఖర్చు. కూలిలో పైసా కోత పడకూడదు, సీసాతో సరిపెడతామంటే ఒప్పుకోకూడదు. ఇంకొకటి. కుండ దగ్గర మాలపల్లె వాళ్లకు ఎత్తి పోయడం, వేరే గ్లాసు పెట్టడం ఎక్కడ కనపడినా ఆ కుండలో నీళ్లు ఎవరూ ముట్టకండి. ముందు ఆ రెండో గ్లాసు తీయించండి.