బెంజికి గ్యాస్ కొట్టిస్తారా?

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదంటారు పెద్దలు. మరి మేత సంగతేమిటి? దాని గురించి వాళ్లేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే మన కోనసీమలో పెట్రోలు తాగే పాత పెద్దకార్లు ఇన్ని కనపడేవి కావేమో!

ఐ.పోలవరం మండలాన్నే తీసుకోండి. ఆ ‘ఐ’ అంటే ఐలాండ్. చుట్టూ గోదావరి పాయలు, మధ్యలో వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. రొయ్య కలిసొచ్చిన ఏడాది ఇంటిముందుకు పెద్దకారు వస్తుంది. కొత్తది కాకపోయినా పర్లేదు, నాలుగు చేతులు మారిన బెంజి అయినా బెంజే కదా. చిక్కల్లా ఒక్కటే. కారు పాతబడితే ధర తగ్గుతుంది కానీ దాహం తగ్గదు. లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు మించని బండిని పట్టుకుని నెల తిరిగేసరికి ఓనరుగారి ముఖం వాడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు: ‘‘గ్యాస్ కిట్టు పెట్టించెయ్యండి సార్, సగానికి సగం మిగులుతుంది’’ అని.

నిజంగా మిగులుతుందా? లేక ఆయన మనకు గ్యాస్ కొడుతున్నాడా?

పెట్రోలు కారును ఎల్‌పీజీతో నడపడం వింతేమీ కాదు. ఇటలీలో 1950ల నుంచే కిట్లు తయారుచేస్తున్నారు. టర్కీ, పోలండ్ దేశాల్లో లక్షల కార్లు దీనిమీదే తిరుగుతున్నాయి. మన దేశంలో 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి దారి తెరిచారు. ఆ మరుసటి ఏడాదే వాడకంపై ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. మారుతి కంపెనీ 2006లో వ్యాగన్ ఆర్ డుయోను గ్యాస్ ట్యాంకుతో సహా ఫ్యాక్టరీ నుంచే పంపింది.

ఇది పనిచేసే తీరు కూడా తేలికే. డిక్కీలో, లేదా స్టెప్నీ ఉండేచోట ఉక్కు ట్యాంకు అమరుస్తారు. అందులో గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది. ఇంజిన్ దగ్గరకొచ్చాక రేడియేటర్ వేడినీళ్ల సాయంతో ఆవిరై సిలిండర్లలోకి వెళ్తుంది. అందుకే బండి ముందు పెట్రోలు మీదే స్టార్టవుతుంది. వేడెక్కాక గ్యాస్‌కు మారుతుంది. అంటే మురమళ్ల గుడికో, పక్కవీధిలో వియ్యంకుడి ఇంటికో వెళ్లొచ్చే చిన్న చిన్న తిరుగుళ్లలో మీరు కాల్చేది చాలావరకు పెట్రోలే.

పెద్దకార్లతో ఇంకో పేచీ ఉంది. ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు మామూలు కారు కిట్టు చాలదు. ప్రతి సిలిండర్‌కూ విడిగా, లెక్కప్రకారం గ్యాస్ అందించే సీక్వెన్షియల్ కిట్టు కావాలి. పెట్రోలును నేరుగా సిలిండర్ లోపలికే చిమ్మే కొత్తరకం ఇంజిన్లకు ఆ కిట్టు కూడా సరిపడదు. గ్యాస్ మీద నడుస్తున్నంతసేపూ పెట్రోలు పారక, ఆ ఇంజెక్టర్లు వేడికి దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా గ్యాస్ మంట పొడిగా ఉంటుంది కాబట్టి కొన్ని ఇంజిన్లలో వాల్వులు కూర్చునే చోటు త్వరగా అరుగుతుంది.

ఇక లెక్కలోకి వద్దాం. ఇవి కేవలం ఊహకోసం వేసుకున్న అంకెలు. మీ బంకు ధరలతో మీరే మళ్లీ వేసుకోండి. పెట్రోలు లీటరు 110 రూపాయలు, కారు ఇచ్చేది 8 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 13 రూపాయల 75 పైసలు. గ్యాస్ లీటరు 64 అనుకుందాం. లీటరు గ్యాస్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా తక్కువ కాబట్టి ఎనిమిది కిలోమీటర్లు కాస్తా 6.4 అవుతాయి. కిలోమీటరుకు 10 రూపాయలు. మిగిలేది సగం కాదు, మూడు రూపాయల ముప్పావలా. కిట్టుకు 60 వేలైతే అది తీరాలంటే 16 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి నాలుగువేలు తిరిగే కారైతే నాలుగేళ్లు!

ఐ.పోలవరం వాళ్లకు ఇంకో మెలిక కూడా ఉంది. ఎదుర్లంక దగ్గర వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరి కింద ఉన్న ఊరు, పన్ను తక్కువ, పెట్రోలు చవక. అక్కడ లీటరు 96 అనుకుంటే గ్యాస్‌తో మిగిలేది కిలోమీటరుకు రెండు రూపాయలే. అప్పుడు కిట్టు ఖర్చు తీరడానికి 30 వేల కిలోమీటర్లు, అదే కారుకు ఏడున్నరేళ్లు. ఆపైన గ్యాస్ బంకు ఎంత దూరమన్నది చూడాలి. 60 లీటర్ల ట్యాంకులో ఎనభై శాతమే నింపుతారు, అంటే 48 లీటర్లు. దానితో మూడొందల కిలోమీటర్లు వస్తాయి. బంకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ ఎనభై, నింపిన దాంట్లో పావువంతు దారికే సరి.

ఇదిగో, లెక్క కుదరని ఈ చోటే మనవాళ్లకు వంటింటి బండ గుర్తుకొస్తుంది. ఇంట్లో వాడే 14.2 కిలోల బండకు 5 శాతం పన్నయితే, వాణిజ్య అవసరాల గ్యాస్‌కు 18 శాతం. ఇంకేం, ఎర్రబండను తలకిందులు చేసి, చిన్న మోటారు తగిలించి కారు ట్యాంకులోకి గ్యాస్ ఎక్కించేస్తారు. మరీ తెగించినవాళ్లు బండనే డిక్కీలో పడుకోబెట్టి రబ్బరు గొట్టం బిగించేస్తారు. చట్టప్రకారం రెండూ నేరాలే.

నేరం సంగతి అలా ఉంచండి. కారు ట్యాంకుకు ఎనభై శాతం దగ్గర ఆగిపోయే వాల్వు ఉంటుంది. ఎండకు ద్రవం ఉబ్బితే పట్టడానికి ఆ ఖాళీ. పైపు తెగితే దానంతటదే మూసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. వంటింటి బండ పొయ్యికి ఆవిరి అందించడానికి చేసిందే తప్ప గతుకుల రోడ్డు మీద దొర్లడానికి చేసింది కాదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువైంది. లీకైతే పైకి ఎగిరిపోదు, డిక్కీలో, కాళ్లకింద పేరుకుని కూర్చుంటుంది. ద్రవం ఒక్క లీటరు బయటపడితే రెండొందల యాభై లీటర్ల పైచిలుకు వాయువవుతుంది. ఆ తర్వాత దానికి కావాల్సింది ఒక్క నిప్పురవ్వ.

నిప్పురవ్వ సంగతి కోనసీమకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంటే ఆర్పడానికి రెండు నెలలకు పైగా పట్టింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరంలో పైపులైను లీకై మంటలు లేచాయి, ఇరవైమందికి పైగా బలయ్యారు. అది భూమిలోంచి వచ్చే సహజవాయువు, ఇది బండలోని ఎల్‌పీజీ. వాయువు వేరైనా పాఠం ఒక్కటే. కానీ అక్కడ పైపు వేసింది ఎవరో పెద్ద సంస్థ. ఇక్కడ గొట్టం బిగించేది మన చేతులే, వెనకసీట్లో కూర్చునేది మన పిల్లలే.

అన్నీ చూసుకున్నాక కూడా, రోజూ దూరాలు తిరిగే కారే, బంకూ దారిలోనే ఉంది అంటారా? శుభం, పెట్టించుకోండి. మీ కారు మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్టేనా, బిగించేవారికి అనుమతి ఉందా అని ముందు అడగండి. బిగించాక ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీ మీద రాయించండి. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి కిట్టు విలువ మీద అదనపు ప్రీమియం కట్టండి. చెప్పకపోతే ప్రమాదం జరిగిననాడు వాళ్లు మొహం చాటేసే వీలుంటుంది. ట్యాంకు పరీక్ష గడువు తేదీని గోడమీది క్యాలెండర్లో రాసుకోండి.

ఏడాదికి నాలుగు పెళ్లిళ్లకూ, మూడు తీర్థాలకూ బయటికి తీసే కారైతే మాత్రం యానాం పెట్రోలే పోయించండి. లేదా ఏనుగును అమ్మేసి ఆవును కొనుక్కోండి. వంటింటి బండను మాత్రం పొయ్యి పక్కనే ఉండనివ్వండి. అది అన్నం వండిపెట్టడానికి ఇంటికొచ్చింది.